వేగం నిలవని బండి

కుట్టు గది,
కటింగ్ బల్ల మీద నుంచి

పానా దొరగారికి బావ రాయునది.

మీ అక్క, నేను, బండి ముగ్గురమూ కులాసా. ముగ్గురిలో ఎక్కువ కులాసాగా ఉన్నది బండే. దానికి మీ అక్కకు జవాబు చెప్పుకునే పని లేదు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. పోయినేడు నువ్వు ఫోన్లో ‘కింది బోల్టు విప్పు బావా’ అన్నావు. నేను కిందనే ఉన్న ఇంకో బోల్టు విప్పాను. ఇంజన్ ఆయిలంతా గడప దాటి కుట్టు గదిలోకి పారి, డెలివరీకి మడతపెట్టి ఉంచిన ప్లీడరు గారి తెల్ల ప్యాంట్లను పలకరించింది. తప్పు నాదంటే నాది కాదని మనమిద్దరం వాదించుకుంటుంటే మీ అక్క తీర్పు చెప్పింది. ఇక మీదట బండి సంగతులు నోటితో వద్దు, కాగితం మీద, బొమ్మతో సహా. ఊరందరి బళ్ళూ బాగుచేసే నువ్వూ, ఊరందరి కొలతలూ తీసే నేనూ కలిసి ఒక్క బోల్టు దగ్గర బోల్తా పడ్డాం కాబట్టి తీర్పు ఒప్పుకున్నాను.

సంగతికి వస్తాను. మన బండికి క్రూజ్ కంట్రోల్ పెట్టాలి. అదే, ఒక వేగానికి వచ్చాక బటన్ నొక్కితే రేజ్ తిప్పి పట్టుకోనక్కర్లేకుండా అదే వేగంలో పోతూ ఉంటుందే, అది. బజార్లో దొరికే అతుకుల బొంత నాకొద్దు. ఇదే మోడల్లో ఖరీదైన రకానికి కంపెనీ వాడే బిగించి ఇచ్చేవాడని విన్నాను. మొన్న ట్యాంకు విప్పి చూస్తే టేపు చుట్టిన ఖాళీ సాకెట్టు ఒకటి కనబడింది. బొత్తాం లేకుండా కాజా మాత్రం కుట్టి వదిలేసినట్టుంది. బండి పాతదైనా ఆ కాజా ఇన్నాళ్ళూ బొత్తాం కోసమే ఎదురు చూస్తోందనిపించింది.

ఇంతకీ ఇది నా సరదా కాదు. మీ అక్క అడిగింది. వెనక కూర్చున్నప్పుడు మంచినీళ్ళ సీసా అందించడానికి నా చెయ్యి ఖాళీ ఉండటం లేదట. నువ్వు కొత్తగా పెడుతున్న షెడ్డు తెరిచే రోజుకి మేం రావాలి కదా, రోజంతా ప్రయాణం. ఆలోపు అయితే మంచిది.

ఇట్లు,
కత్తెర బావ

*

పాత షెడ్డు,
లిఫ్ట్ పక్కన టైర్ల మీద కూర్చుని

బావా,

ఉత్తరం చేరింది. మీ పెళ్ళి ఫోటోలో జేబులో పానాతో నిలబడ్డానని పెట్టిన పేరు ఇంకా వదలవన్నమాట. సరే, పానా దొరగానే రాస్తున్నాను.

నీ రాత చూసి ముందు వేరే ఎవరో రాశారనుకున్నాను. నీ బిల్లు బుక్కు చూసి జనం అచ్చు వేయించావా అని అడిగేవాళ్ళు. ఇప్పుడేమిటి, కోడి గెలికినట్టుంది. ‘సాకెట్టు’ అన్న మాట ‘జాకెట్టు’ అనుకుని, బండికి జాకెట్టు ఎందుకు కుడుతున్నావో అర్థం కాక రెండుసార్లు చదివాను. వయసు మీద పడుతోందేమో, కాస్త చూసుకో.

అక్క అడిగిందా? మా అక్కకి దాహమేస్తే బండి ఆపించి, చెట్టు కింద నిలబెట్టి, నీ చేతే సీసా మూత తీయించుకుని తాగుతుంది. ఆవిడ క్రూజ్ కంట్రోల్ అడగడమంటే నువ్వు సగం ధరకి కుట్టడమే. అయినా అడిగినవాడు బావ కాబట్టి నమ్మినట్టు నటిస్తున్నాను.

నీ అదృష్టం బాగుంది. నాకు తెలిసిన తుక్కు యార్డులో మన మోడల్లోదే, ఆ ఖరీదైన రకం బండి ఒకటి ముందు చక్రం వంగి పడి ఉంది. దాని సామానంతా విప్పి తెస్తాను. రేజ్ కేబుల్ని లాగి పట్టుకునే మోటారు పెట్టె, ఎడమ హ్యాండిల్ మీద బటన్లు, క్లచ్ లివర్ దగ్గర చిన్న స్విచ్చి. బ్రేకుది నీ దగ్గర ఉన్నదే సరిపోతుంది. బ్రేకు పట్టుకోగానే వెనక లైటు వెలిగించే స్విచ్చే, క్రూజ్‌కి కూడా కబురు చెబుతుంది.

ఒక్కటి గుర్తుంచుకో. దీనికి అలక ఎక్కువ. క్లచ్ గానీ బ్రేకు గానీ వేలితో అలా ముట్టుకుంటే చాలు, పని మానేస్తుంది. మానెయ్యాలి కూడా. మనిషి ఆపాలనుకున్నప్పుడు బండి పోతానంటే కొంప మునుగుతుంది.

పోతే, షెడ్డు సంగతి. ఇన్నాళ్ళూ ఒకళ్ళ దగ్గర చేశాను, ఇప్పుడు నాకంటూ ఒక షట్టరు. అది అక్క చేత్తో పైకి లేవాలి. మీరిద్దరూ బండి మీదే రావాలి. బస్సు దిగి వస్తే మాత్రం గుర్తుపట్టను.

ఇట్లు,
పానా

*

కుట్టు గది

పానా దొరగారికి,

పార్సెల్ అందింది. తుక్కు సామానైనా బాగా తుడిచి పంపావు, ఆ మాత్రం మర్యాద మీ ఇంట్లో మీ అక్కకి తప్ప అందరికీ ఉంది.

రాత సంగతి ఎత్తావు. కొత్త పెన్ను, మొన జారుతోంది. బల్ల మీద దీపం కూడా సరిగా లేదు. పైగా ఆ రోజు గాలి. దానికి వయసూ గియసూ అని పెద్ద మాటలెందుకు?

పని మొదలుపెట్టాను. నువ్వు గీసిన బొమ్మలో మోటారు పెట్టె గుమ్మడికాయలా ఉంది కానీ చోటు సరిగ్గా చూపించావు. ట్యాంకు కింద దానికోసమే చేసినట్టు రెండు చెవులున్నాయి, వాటి మధ్య కూర్చుంది. తీగలకి నీలాగా టేపు చుట్టలేదు. మైనం రాసిన దారంతో జానెడుకో ముడి వేసుకుంటూ పోయాను. విప్పి చూసినవాడు బండి కింద కూడా దర్జీ ఉన్నాడురా అనుకోవాలి. స్విచ్చి దగ్గర స్క్రూలు మరీ పిల్లకాయల్లా ఉన్నాయి, జారి జారి నేల మీదే ఎక్కువ సేపున్నాయి. చివరికి మీ అక్క వచ్చి పెట్టింది. ఆడవాళ్ళ వేళ్ళు సన్నం కదా.

ఇక అసలు కబురు. బండిని నడిమి స్టాండు మీద ఎత్తి, వెనక చక్రం గాల్లో ఉంచి, మీ అక్కని సీటు మీద కూర్చోబెట్టి రేజ్ ఇమ్మన్నాను. నేను బటన్ నొక్కాను. మీ అక్క చెయ్యి తీసేసింది. స్పీడు మీటరు ముల్లు పక్కకు జరగలేదు. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుంది, చక్రం మాత్రం తిరుగుతోంది. బ్రేకు ముట్టుకోమన్నాను. టక్కున వదిలేసింది. నువ్వు చెప్పిన అలక అంతా అక్షరాలా ఉంది.

అన్నట్టు దీనివల్ల పెట్రోలు కూడా కలిసొస్తుందట. నేను అందుకే పెట్టించుకుంటున్నాను.

ఇట్లు,
కత్తెర బావ

*

పాత షెడ్డు

బావా,

శభాష్. బండికి దారంతో ముడులు వేసిన మొదటివాడివి నువ్వే. రేపు దాని సీటుకి కాజాలు కుడతావేమో.

ఒక చిన్న లెక్క తేలడం లేదు. మొదటి ఉత్తరంలో అక్క అడిగిందన్నావు. రెండో దాంట్లో పెట్రోలు కోసమన్నావు. మూడో దాంట్లో డాక్టరు రాసిచ్చాడంటావా? రాత గురించి ఒక మాటంటే పెన్ను, దీపం, గాలి ముగ్గురు సాక్షుల్ని తెచ్చావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. నేను సరదాకి అన్నాను బావా. నిజంగా ఏదైనా ఉంటే చెప్పు, నవ్వను. కొంచెం నవ్వుతాను.

స్టాండు మీద నిలిచిందంటే సగం అయినట్టే. ఇప్పుడు రోడ్డు మీదకి తీసుకెళ్ళు. ఖాళీ రోడ్డు చూసుకో. నిలిస్తే నాకు ఒక్క ముక్క రాయి, షెడ్డు తెరిచే రోజు ఖాయం చేస్తాను. రంగు వేయించాను. గోడకి పానాలు వరసగా తగిలించాను, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా. ఎవరూ లేనప్పుడు వెళ్ళి వాటినే చూస్తూ కూర్చుంటున్నాను.

ఇట్లు,
పానా

*

కుట్టు గది

పానా గారికి,

దొర అన్న మాట ఈసారి తీసేశాను, గమనించు.

నువ్వు పంపిన సామాను మోసపు సామాను. రోడ్డు మీద నిలవడం లేదు. వేగం అందుకుంటాను, ఎడమ బొటనవేలితో నొక్కుతాను, ముల్లు ఒక్క క్షణం ఆగి చూస్తుంది, తరవాత జావగారిపోతుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. వారం నుంచి ఊరి బయట రోడ్డంతా నొక్కుకుంటూ తిరుగుతున్నాను. పాలవాడు ‘ఏంటి మాస్టారూ, కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ పోతున్నారు’ అన్నాడు. ఆ బండిని తుక్కులో ఎందుకు పడేశారో ఇప్పుడు అర్థమయింది. దాన్ని తోలినవాడు కూడా నొక్కి నొక్కి విసిగి గోడకి గుద్ది ఉంటాడు.

ప్లగ్గులన్నీ విప్పి మళ్ళీ పెట్టాను. ఫ్యూజు మార్చాను. ఇంటికొచ్చి స్టాండు మీద ఎత్తి మీ అక్కని కూర్చోబెడితే రాయిలా నిలబడుతుంది. రోడ్డెక్కితే నీరుగారుతుంది. మీ పుట్టింటి సామాను మీ పుట్టింటి మనిషి మాటే వింటోందని మీ అక్కతో అంటే నవ్వలేదు. ఈ మధ్య ఆవిడ నన్ను అదోలా చూస్తోంది.

షెడ్డు తెరిచే రోజు మా కోసం ఆపకు. క్రూజ్ లేకుండా అంత దూరం కష్టం. బస్సులో వస్తాంలే. గుర్తుపట్టకపోతే నీ ఖర్మ.

ఇట్లు,
బావ

*

పాత షెడ్డు

బావా,

క్రూజ్ లేకుండా కష్టమా? ఇన్నేళ్ళూ అది లేకుండానే కదా వచ్చావు. వానలో వచ్చావు, హెడ్‌లైటు పోతే లారీ వెనకాల వచ్చావు, ఒకసారి కుట్టిన కోట్లు నాలుగు హ్యాంగర్లతో సహా అక్క వీపుకి కట్టి వచ్చావు. ఇప్పుడు బస్సేమిటి?

నా సామాను మీద నింద వేశావు కాబట్టి దాని తరఫున మాట్లాడాలి. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నువ్వు వినే ఉంటావు. స్టాండు మీద నిలుస్తోందంటే మోటారు బాగుంది, బటన్లు బాగున్నాయి, తీగలు బాగున్నాయి. స్టాండుకీ రోడ్డుకీ తేడా ఏమిటని చూస్తే రెండే. రోడ్డు మీద కుదుపు ఉంటుంది. రోడ్డు మీద అక్క బదులు నువ్వుంటావు.

కుదుపుకి బ్రేకు స్విచ్చి ఊగి, పట్టుకోకుండానే పట్టుకున్నట్టు కబురు చెబుతోందని నా అనుమానం. కనిపెట్టడం తేలిక. నువ్వు ముందు పో, అక్కని తన స్కూటర్ మీద వెనకాలే రమ్మను. వెనక బ్రేకు లైటు మీద కన్నేసి ఉంచమను. నువ్వు బ్రేకు ముట్టుకోకపోయినా లైటు మిణుకుమంటే స్విచ్చి దొంగ. మంచిది పంపిస్తాను. లైటు వెలగకపోతే దొంగ వేరే ఉన్నాడు.

రోజు ఖాయం చెయ్యలేదు. మీరు బండి మీద వచ్చేదాకా షట్టరు దించే ఉంటుంది.

ఇట్లు,
పానా

*

వంటింటి గట్టు మీద నుంచి

తమ్ముడికి,

ఈసారి మీ బావ కాదు, నేను రాస్తున్నాను. ఆయన కుట్టు గదిలో తలుపేసుకుని ఉన్నారు. కోపం కాదు, సిగ్గు.

నువ్వు చెప్పినట్టే స్కూటర్ మీద వెనకాల వెళ్ళాను. లైటు మిణుకుమనలేదురా. ఊరు దాటిన దగ్గర్నుంచి వంతెన దాకా ఆరకుండా వెలుగుతూనే ఉంది. పక్కకొచ్చి హారన్ కొట్టి ఆపించాను. ‘బ్రేకు ఎందుకు పట్టుకున్నారు’ అంటే ‘నేను ముట్టుకోలేదే’ అన్నారు. అలా అంటున్నప్పుడు కూడా ఆయన చూపుడు వేలూ మధ్య వేలూ లివర్ మీదే ఉన్నాయి. గట్టిగా. నేను చెయ్యి చాపి ఒక్కో వేలూ విప్పి తీశాను. రెండో వేలు తీస్తుంటే ఆయన నా ముఖం చూశారు గానీ వేలు వంక చూడలేదు. నేను తీస్తున్నానని ఆయనకి తెలియలేదు.

రోడ్డు పక్కనే కూలబడి అంతా చెప్పారు. చాలా నెలలుగా కుడిచేతి వేళ్ళకి స్పర్శ లేదట. రేజ్ తిప్పి పట్టుకుంటే కాసేపటికి చెయ్యి ఎవరిదో అయిపోతుందట. క్రూజ్ పెడితే నాకు తెలియకుండా ఇంకొన్నేళ్ళు లాగేయొచ్చనుకున్నారు. నేనెప్పుడు అడిగానురా క్రూజ్ కంట్రోలు? నాకు మంచినీళ్ళు అందించడానికట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

నాకూ అనుమానం వచ్చింది, తొక్కిపెట్టుకున్నాను. స్క్రూలు జారుతున్నాయి. చొక్కా బొత్తాలు ఎడమ చేత్తో పెట్టుకుంటున్నారు. కళ్ళు మూసుకుని గుడ్డ ముట్టుకుని పేరు చెప్పే మనిషి, మొన్న ఒక కోటు గుడ్డ తిరగేసి కోసేశారు. తడిమి చూస్తే ఎటు ముందో ఎటు వెనకో తెలియలేదట. నాతో దీపం సరిగా లేదన్నారు.

డాక్టరుకి కూడా చూపించుకున్నారు, నాకు చెప్పకుండా. మణికట్టు దగ్గర నరం నలుగుతోంది, చిన్న కోత కోసి వదులు చేస్తే చాలావరకు తిరిగొస్తుంది, ఆలస్యం చేస్తే చెప్పలేం అన్నారట. ఈయన చెప్పులేసుకుని వచ్చేశారు.

నేను చెబితే ఏడుస్తున్నానంటారు. నువ్వయితే వెక్కిరిస్తావు, ఆ వెక్కిరింపుల మధ్యలో నీ మాట వింటారు. రాయి.

అక్క

*

కొత్త షెడ్డు,
దించిన షట్టరు లోపల

బావా,

స్విచ్చి బాగుంది. మోటారు బాగుంది. నేను పంపినదాంట్లో చెడ్డది ఏదీ లేదు. బ్రేకు మీద వేళ్ళున్నాయి ఆగిపో అని బండి వారం రోజులు నీతో చెప్పింది, నువ్వు దాని ప్లగ్గులు విప్పావు.

వెక్కిరించమని అక్క రాసింది. రెండు కాగితాలు చింపేశాను, రావడం లేదు. నాకు భయం వేసింది బావా. తెలియకుండా బ్రేకు పట్టుకున్న వేలు, పట్టుకున్నాననుకుని పట్టుకోకుండా కూడా ఉండగలదు. వెనక మా అక్క కూర్చుంటుంది. నీ రాత చూసి కోడి గెలికిందని నవ్వినవాణ్ణి నేనే, అది తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

ఈ ఉత్తరం అందగానే బండి తాళం అక్క చేతికివ్వు. ఇది బావమరిది మాట కాదు, మెకానిక్ మాట. పట్టు తెలియని బండిని నేను షెడ్డు దాటనివ్వను, మనిషినైనా అంతే.

ఇక చెయ్యి సంగతి. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇంజన్ విప్పుతానంటే వణుకుతారు. ‘విప్పకుండా ఏమైనా చేస్తావా’ అంటారు. వాళ్ళకి నువ్వేం చెప్పమంటావో అదే నీకూ చెబుతున్నాను. నువ్వు భయపడితే తప్పేమీ లేదు. కానీ భయపడి క్రూజ్ కంట్రోలు కొనుక్కున్నవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. మోకాలు నొప్పికి లిఫ్టున్న ఇల్లు కొన్నట్టుంది. ఇదిగో, కొంచెం వెక్కిరింపు వచ్చింది.

ఇది రాసి బయటికెళ్ళి షట్టరుకి తాళం వేస్తున్నాను. అక్క తెరిచేదాకా పాత షెడ్డులోనే పని చేస్తాను. పానాలు గోడ మీదే ఉంటాయి, దుమ్ము పడితే తుడుచుకుంటాను. ఎన్నాళ్ళయినా సరే.

ఇట్లు,
నీ పానా

*

కుట్టు గది,
కిటికీ పక్క మంచం

పానా దొరగారికి,

బావ చెప్పగా అక్క రాయునది. నా కుడిచెయ్యి కట్టు కట్టించుకుని దిండు మీద పెద్దమనిషిలా పడుకుంది. (పెద్దమనిషి కాదు, తిండి కూడా నా చేతే పెట్టించుకుంటున్నారు. అక్క.)

నీ ఉత్తరం చదివాను. తాళం ఇచ్చేశాను. తరవాత కూడా ఆసుపత్రి గడప ఎక్కడానికి కాళ్ళు రాలేదు. నీకు నిజం చెబుతాను. బతుకంతా గుడ్డ కోశాను. కత్తెర ఒక్కసారి తప్పుదారి పట్టిందంటే ఎంత మంచి దర్జీ అయినా అతుకు వెయ్యగలడు గానీ కొత్తది చెయ్యలేడు. అలాంటి నన్ను పట్టుకుని ‘చిన్న కోతే’ అంటే ఎలా నమ్మను? చిన్న కోత అనేది లేదని నాకంటే ఎవరికి తెలుసు?

మీ అక్క బలవంతాన లాక్కెళ్ళింది. (బలవంతం లేదు. బండి నేను తోలాను, ఆయన వెనక కూర్చున్నారు. స్కూటరే.) డాక్టరుని ఒకే మాట అడిగాను. ‘కొయ్యబోయే ముందు గీత గీస్తారా’ అన్నాను. ఆయన నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి నా అరచేతిలో, మణికట్టు పైన, బొటనవేలంత గీత గీసి, కొంచెం దూరం జరిగి చూసి, చెరిపి, వెంట్రుకవాసి పక్కకి మళ్ళీ గీశాడు. ఆ జరిపి గీసినప్పుడు నా ప్రాణం కుదుటపడింది. గీత మార్చుకోవడానికి సిగ్గుపడనివాడు కత్తెర సరిగ్గా పట్టుకుంటాడు. ‘కానివ్వండి’ అన్నాను.

చేతికి మాత్రమే మత్తిచ్చారు. కుట్లు చూపించమన్నాను, తరవాత చూద్దాం అన్నారు. చూశాను. దూరం దూరంగా ఉన్నాయి కానీ వరస తప్పలేదు. (డాక్టరు గారి ముఖం మీదే ఆ మాట అన్నారురా, నాకు తల కొట్టేసినట్టయింది.)

స్పర్శ ఇంకా రాలేదు. వారాలు పట్టొచ్చట, నెలలు పట్టొచ్చట. పూర్తిగా వస్తుందని ఎవరూ అనడం లేదు. మీ అక్క ధైర్యంగానే ఉన్నట్టు నటిస్తోంది. (మీ బావ భయపడనట్టు నటిస్తున్నారు.) ఇద్దరం బాగానే నటిస్తున్నాం. నా మిషన్ మీద ఆవిడ ఏదో కుడుతోంది కూడా, చూడనివ్వడం లేదు. చప్పుడు వింటేనే నా మిషన్ ఏడుస్తున్నట్టుంది.

ఇట్లు,
కత్తెర లేని బావ

*

పాత షెడ్డు

బావా,

డాక్టరు కుట్లకి వంక పెట్టావంటే నువ్వు బాగయినట్టే. చాలా రోజుల తరవాత కడుపు నిండా తిన్నాను.

ఒక ఆలోచన వచ్చింది. నువ్వు కోప్పడతావు, అయినా రాస్తాను. స్టాండు మీద ఎవరు కూర్చుంటే నిలిచింది? పెళ్ళికి ముందు నాన్న పెద్ద బండి ఎవరు తోలేవాళ్ళు? నేను పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని ఎవరి చేతుల మధ్య ఊరంతా తిరిగాను? మీ పెళ్ళయ్యాక ఆవిడ వెనక సీటుకి ఎందుకు మారిందో నాకెప్పుడూ అర్థం కాలేదు. నువ్వు అడగలేదు, ఆవిడ చెప్పలేదు, అంతే అయ్యుంటుంది.

ఆవిడ నీకంటే పొడుగు కూడా. కాళ్ళు నేలకి బాగా అందుతాయి.

వెనక సీటు మెత్తగా ఉంటుందట. అక్కని అడుగు. మంచినీళ్ళ సీసా నువ్వే అందిద్దువు గాని.

ఇట్లు,
పానా

*

కుట్టు గది,
కటింగ్ బల్ల మీద నుంచి

పానా దొరగారికి బావ స్వహస్తాలతో రాయునది.

అక్షరాలు ఇంకా వంకరే. ఈసారి పెన్ను మీదా గాలి మీదా చెప్పను.

నీ ఉత్తరానికి కోపం వచ్చింది. ఒక పూట ఉంది. సాయంత్రం తాళం మీ అక్క కొంగుకే ఉందని గుర్తొచ్చి పోయింది. వెళ్ళి, ‘తోలుతావా’ అని అడిగాను. ‘ఇన్నేళ్ళకి అడిగారు’ అంది. ఆ ఒక్క మాట చాలా రోజులు నాలోనే తిరిగింది.

సంత లేని రోజుల్లో సంత మైదానంలో తిప్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఆపేటప్పుడు పక్కకి వాలబోతే నేను అడ్డం పరిగెత్తాను. ‘మీరు తప్పుకోండి, మిమ్మల్ని తప్పించబోయే పడేలా ఉన్నాను’ అంది. రెండో వారానికి నేను మైదానం గోడ మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ చూసేవాణ్ణి. బాగా తోలుతుందిరా. మలుపులో నాకంటే బాగా తోలుతుంది. ఈ ముక్క తనకి చూపించకు.

నిన్న రోడ్డు మీదకి వెళ్ళాం. ముందు ఆవిడ, వెనక నేను. వెనక సీటు మెత్తగా ఉందన్నది అబద్ధం. ఇన్నేళ్ళు ఎలా కూర్చుందో. వంతెన దాటాక రోడ్డు ఖాళీ అయింది. ఆవిడ బటన్ నొక్కింది. ముల్లు నిలబడింది. కుడిచెయ్యి హ్యాండిల్ మీంచి తీసి నాకు ఊపి చూపించి, మళ్ళీ పెట్టింది. ‘ఇదా మీ సుఖం’ అని గాలిలో అరిచింది. బండి ఒకే వేగంలో పోతోంది. మాకు పనేమీ లేదు.

పడతానేమోనని ఆవిడ భుజం మీద కుడిచెయ్యి వేశాను. తొడుక్కున్నది నేనెప్పుడో కుట్టి ఇచ్చిన జాకెట్టే. వేళ్ళ కింద భుజం కుట్టు ఉంది. అది ఉందని నాకు కాసేపటి దాకా తట్టలేదు. చూపుడు వేలు దాని మీద జరుపుతున్నాను. మధ్య వేలు జరుపుతున్నాను. గుడ్డ మడత తగిలింది, దాని మీద దారం తగిలింది, ఒక కుట్టు, పక్కన ఇంకో కుట్టు. కుట్లు పెద్దవి. ఒకచోట దాటేసింది, మళ్ళీ వెనక్కొచ్చి రెండుసార్లు వేసింది. నేను అలా కుట్టను. నా జన్మలో కుట్టలేదు. మంచం మీద ఉండగా విన్న నా మిషన్ ఏడుపు ఇదన్నమాట.

ముందుకి వంగి ఆవిడ చెవి దగ్గర, ‘ఈ భుజం నేను కుట్టింది కాదు’ అన్నాను.

కాసేపటికి బండి వేగం పడిపోతూ వచ్చింది. మళ్ళీ పాడయిందనుకున్నాను. నీ సామానుని ఇంకొక్కసారి తిట్టుకున్నాను. వంగి చూశాను. మీ అక్క రెండు వేళ్ళూ బ్రేకు మీద ఉన్నాయి.

రోడ్డు పక్కన ఆపి, కాళ్ళు రెండూ నేల మీద పెట్టి, వెనక్కి తిరగకుండా, ‘ఇంకోసారి చెప్పండి’ అంది.

స్విచ్చి బాగానే పని చేస్తోంది. వచ్చే ఆదివారం బయల్దేరుతున్నాం. షట్టరుకి నూనె రాసి ఉంచు.

ఇట్లు,
కత్తెర బావ